బెనిన్ రాజాస్థాన కళాఖండాలు, ఐరోపా మ్యూజియంలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెనిన్ ఇత్తడి శిల్పాలు ఫలానా మ్యూజియం నుంచి నైజీరియాకు తిరిగి వెళ్లాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ పాఠకుల నుంచి దాదాపు అవే సందేహాలు వస్తున్నాయి. వాటిని పాఠకులు అడిగిన మాటల్లోనే ఒకచోట చేర్చి ఈ పుటను తయారు చేశాం. ఏ జవాబును ఆ జవాబుగా విడిగా చదువుకోవచ్చు.

## రాజ్యం, కళ

బెనిన్ అంటే ఇప్పటి బెనిన్ దేశమేనా?

కాదు. ఈ శిల్పాలు పుట్టిన బెనిన్ రాజ్యం నేటి దక్షిణ నైజీరియాలోని ఎడో రాష్ట్రంలో ఉంది. రాజధాని బెనిన్ నగరం, ప్రజలు ఎడోలు, రాజును ఓబా అంటారు. నైజీరియాకు పడమట ఉన్న బెనిన్ దేశానికి 1975 వరకు డహోమీ అని పేరు. అక్కడి రాజవస్తువులు కూడా ఐరోపాకు తరలిపోయాయి కాబట్టి వార్తల్లో ఈ రెండు కథలూ కలిసిపోతుంటాయి. 1892లో ఫ్రెంచి సేనాని ఆల్ఫ్రెడ్ డాడ్స్ సైన్యం అబొమే రాజప్రాసాదం నుంచి పట్టుకెళ్లిన సింహాసనాలు, విగ్రహాలు వంటి 26 వస్తువులను ఫ్రాన్స్ 2021 నవంబరులో తిరిగి ఇచ్చింది. అవి డహోమీ రాజులవి, ఎడో ఓబాలవి కావు.

‘బెనిన్ కంచు శిల్పాలు’ అంటారు కదా, అన్నీ కంచువేనా?

లోహపు వస్తువుల్లో ఎక్కువ భాగం ఇత్తడివే, అంటే రాగిలో జింకు, సీసం కలిసినవి. ఆ పేరు కింద లెక్కించే సంపదలో చెక్కిన ఏనుగు దంతాలు, కొయ్య శిల్పాలు, పగడాల ఆభరణాలు, గంటలు, కత్తులు కూడా ఉన్నాయి.

వీటిని అలంకారానికి చేశారా, పూజకు చేశారా?

కొన్ని పూజకు, కొన్ని రాజవైభవానికి, చాలా మటుకు ఈ రెండింటికీ. ఒక ఓబా మరణించాక గద్దెనెక్కిన వారసుడు రాజప్రాసాదంలో తండ్రి పేరిట పితృవేదిక కట్టించి, దాని మీద ఇత్తడి తలలను నిలిపేవాడు. ఆ తలల నడినెత్తిన ఉన్న రంధ్రంలో నిలువెల్లా చెక్కిన ఏనుగు దంతాన్ని నిలబెట్టేవారు. మ్యూజియంలో తల ఒక గాజు పెట్టెలోను, దంతం మరో గదిలోను కనిపిస్తే, ఒకప్పుడు అవి ఒకే వేదిక మీద కలిసి ఉండేవని గుర్తుపట్టడం కష్టం.

పలకల సంగతి వేరు. దీర్ఘచతురస్రాకారంలో ఉండే ఈ పలకలు ఎక్కువగా 16, 17 శతాబ్దాలవి. వాటిని రాజప్రాసాదపు స్తంభాలకు తాపడం చేసేవారు. యుద్ధాలు, విజయాలు పోత పోసిన లోహపు రేకులతో కప్పిన కొయ్య స్తంభాలు అక్కడ ఉన్నాయని డచ్ రచయిత ఓల్ఫర్ట్ డాపర్ 1668లో అచ్చయిన వర్ణనలో రాశాడు. ఒక పలకను దగ్గరగా చూస్తే నడుమ పగడాల పట్టీలతో నిలిచిన ఓబా లేదా సేనాపతి పెద్దగా, అటూ ఇటూ డాలు పట్టిన భటులు చిన్నగా కనిపిస్తారు. ఎవరి హోదా ఎంతో చెప్పేది ఆ కొలతే. వారి వెనుక నేపథ్యమంతా సన్నటి చుక్కల మధ్య నాలుగు రేకుల ఆకుల నకాషీ ఉంటుంది. నీటి దేవత ఒలోకున్ ఆరాధనలో వాడే ఆకులవి. పలక అంచుల దగ్గర మేకులు కొట్టిన రంధ్రాలు ఆ నకాషీని చీల్చుకుంటూ పోతాయి. గాజు వెనుక ఒంటరిగా వేలాడే పలక ఒకప్పుడు స్తంభాన్ని అంటిపెట్టుకుని ఉండేదనడానికి ఆ రంధ్రాలే సాక్ష్యం.

ఎడో రాజ్యంలో చరిత్రను గ్రంథాలుగా రాసిపెట్టే ఆచారం లేదు. ఏ ఓబా కాలంలో ఏ యుద్ధం జరిగింది, ఏ అధికారి ఏ చిహ్నం ధరించేవాడు అన్నది ఈ వస్తువులలోను, వాటిని చూపి చెప్పే పెద్దల మాటలలోను నిలిచేది. అందువల్ల 1897 నాటి బ్రిటిష్ దండయాత్రలో తరలిపోయినది కళాసంపద మాత్రమే కాదు, ఒక రాజ్యపు దఫ్తరం కూడా అని చెప్పడం అతిశయోక్తి కాదు.

వీటిని ఎవరు చేసేవారు, ఎలా చేసేవారు?

ఇత్తడి పోత పోసేవారు ఇగున్ వీధిలో ఒక వృత్తి సంఘంగా ఉండేవారు. దంతం, కొయ్య చెక్కేవారికి ఇగ్బెసన్‌మ్వన్ అన్న వేరే సంఘం ఉండేది. ఇత్తడి, దంతం పనులు రాజు ఆజ్ఞతోనే జరగాలి. పనితనం తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది. పద్ధతి మైనపు పోత: మట్టి ముద్ద మీద మైనంతో రూపం తీర్చి, దాని మీద మెత్తటి మట్టి పొరలు పొరలుగా పూసి, కాల్చి మైనాన్ని కరిగించి బయటికి పంపి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొట్టాలి కాబట్టి ఒక అచ్చు నుంచి ఒకే శిల్పం వస్తుంది. ఆదిలాబాద్ జిల్లా ఓజాలు డోక్రా బొమ్మలు చేసేది కూడా మూలంలో ఈ పద్ధతితోనే.

అంత ఇత్తడి అక్కడ ఎక్కడిది?

15వ శతాబ్దం చివరి నుంచి పోర్చుగీసు వర్తకులు కంకణం ఆకారంలో ఉండే మనీలాలు అనే ఇత్తడి, రాగి ముక్కలను ఓడల కొద్దీ తెచ్చి, బదులుగా మిరియాలు, దంతం, వస్త్రాలు, బానిసలను కొనుక్కునేవారు. ఎడో పోతగాళ్లు ఆ మనీలాలను కరిగించుకునేవారు. మునిగిన ఓడల్లో దొరికిన మనీలాలను పరీక్షించి 2023లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఆ లోహంలో చాలా భాగం జర్మనీలోని రైన్ నదీ ప్రాంతపు గనులది. పోత కళ మాత్రం పోర్చుగీసులు నేర్పినది కాదు. వారు రాకముందే ఆ ప్రాంతంలో అది ఉంది.

తల శిల్పాల మెడ చుట్టూ గడ్డం దాకా వరుసలుగా ఉన్నవి ఏమిటి?

పగడాల పట్టీలు. పాత తలలలో అవి మెడ వరకే ఉంటాయి, లోహం కూడా పలుచన. కాలం గడిచిన కొద్దీ పట్టీలు పెదవి దాకా ఎగబాకాయి, శిల్పం బరువెక్కింది. పండితులు ఒక తల ఏ శతాబ్దానిదో అంచనా వేసేటప్పుడు ముందుగా చూసే గుర్తుల్లో ఇదొకటి.

రాజమాత ఇడియా ముఖానికి అంత పేరు ఎందుకు?

ఇడియా 16వ శతాబ్దపు ఓబా ఎసిగీ తల్లి. కొడుకు గద్దె నిలబెట్టడానికి యుద్ధంలోను, మంత్రాంగంలోను తోడ్పడిందని ఎడోల చరిత్ర చెబుతుంది. ఎసిగీ ఆమె గౌరవార్థం రాజమాత పదవిని నెలకొల్పాడు. ఆమెదిగా భావించే దంతపు ముఖాలలో ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, మరొకటి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. దాదాపు జానెడు ఎత్తున్న ఆ ముఖం నుదుటి మీద రెండు నిలువు గాట్లు, వాటిలో ఒకప్పుడు ఇనుము పొదిగిన గుర్తులు కనిపిస్తాయి. శిరోభూషణం చుట్టూ చిన్న చిన్న గడ్డం ముఖాలు వరుస కట్టి ఉంటాయి, అవి పోర్చుగీసువారివి. సముద్రం దాటి సంపద తెచ్చిన పరదేశులను రాణి తల మీద ఆభరణంగా కూర్చిన ఆ ఆలోచన నాకు ఈ సంపద మొత్తంలో అన్నిటికన్నా చమత్కారంగా తోస్తుంది.

## 1897లో జరిగింది

బ్రిటిష్ సైన్యం బెనిన్ మీదికి ఎందుకు వెళ్లింది?

వెంటనే కనిపించే కారణం ఒకటి, దాని వెనుక ఉన్న కారణం మరొకటి. 1897 జనవరిలో ఆ తీరంలో బ్రిటన్ ప్రతినిధిగా, అంటే తాత్కాలిక కాన్సల్ జనరల్‌గా ఉన్న జేమ్స్ ఫిలిప్స్, రాజ్యంలో ఇగ్వే ఉత్సవం జరుగుతోందని, ఆ రోజుల్లో ఓబా పరదేశులను చూడడని చెప్పినా వినకుండా రెండు వందలకు పైగా మోతగాళ్లతో బయలుదేరాడు. జనవరి 4న దారిలో ఎడో యోధులు ఆ బృందం మీద పడ్డారు. బ్రిటిష్ అధికారుల్లో ఇద్దరే ప్రాణాలతో బయటపడ్డారు. మోతగాళ్లలో ఎక్కువమంది చనిపోయారు. దీనికి ప్రతీకారమంటూ రియర్ అడ్మిరల్ హ్యారీ రాసన్ నాయకత్వంలో సుమారు 1,200 మంది సైన్యం కదిలి, ఫిబ్రవరి 18న నగరాన్ని పట్టుకుంది. మూడు రోజుల తరువాత నగరంలో చాలా భాగం అగ్నికి ఆహుతి అయింది.

వెనుక ఉన్న కారణం వాణిజ్యం. 1892లో కుదిర్చిన ఒప్పందాన్ని ఓబా బ్రిటిష్ వర్తకులు కోరినట్టు అమలు చేయలేదు. ఏ సరుకు ఎప్పుడు అమ్మాలో, ఎంత సుంకం కట్టాలో తానే నిర్ణయించేవాడు. ఓబాను గద్దె దించడానికి అనుమతి కోరుతూ ఫిలిప్స్ 1896 నవంబరులోనే లండన్‌కు లేఖ రాశాడు. రాజు ఇంట్లో దొరికే దంతంతో దండయాత్ర ఖర్చులు గట్టెక్కుతాయని కూడా ఆ లేఖలో ఉంది. అంటే దారిలో దాడి జరగడానికి ముందే ఆలోచన సిద్ధంగా ఉంది.

నరబలులు ఆపడానికే దాడి చేశారని చదివాను, నిజమేనా?

నగరంలో నరబలులు జరిగాయన్నది నిజం. సైనికులు తాము చూసిన దృశ్యాలను వివరంగా రాశారు. అయితే దండయాత్రను సమర్థించుకోవడానికి ఆ వర్ణనలే పత్రికల్లో ముందుకు వచ్చాయి. ఓబాను తొలగించాలన్న ప్రతిపాదనలో మాత్రం వర్తకపు అడ్డంకులు, దంతపు విలువ ప్రధానంగా కనిపిస్తాయి. బలులు ఆపడమే లక్ష్యమైతే రాజప్రాసాదపు స్తంభాల పలకలను మూటగట్టవలసిన పని లేదు.

ఓబాకు ఏమైంది?

ఓబా ఒవోన్రమ్వెన్ 1897లో లొంగిపోయాడు. విచారణ జరిపి ఆయనను కలబార్‌కు ప్రవాసం పంపారు. అక్కడే 1914లో మరణించాడు. అదే ఏడాది ఆయన కుమారుడు రెండవ ఎవెకా పేరుతో గద్దెనెక్కాడు. ఇప్పటి ఓబా రెండవ ఎవారే 2016లో పట్టాభిషిక్తుడయ్యాడు.

## మ్యూజియంలకు చేరిన దారి

బ్రిటిష్ మ్యూజియం వీటిని కొన్నదా, దోచుకున్నదా?

మ్యూజియం సిబ్బంది దండయాత్రలో లేరు. అయితే దోచిన సొమ్ము అని తెలిసే తీసుకున్నారు, అందులో దాపరికమేమీ లేదు. దారి రెండుగా చీలింది. మూడు వందలకు పైగా పలకలు ప్రభుత్వం చేతికి వచ్చాయి. వాటిని 1897 శరత్కాలంలో బ్రిటిష్ మ్యూజియంలో ప్రదర్శించారు. తరువాత విదేశాంగ శాఖ వాటిలో 203 పలకలను మ్యూజియానికి ఇచ్చింది. ఆ సంస్థ జాబితాలో 1898,0115 అన్న అంకెతో మొదలయ్యే పలకలు అవే. మిగిలినవి అమ్ముడుపోయాయి. రెండో దారి అధికారుల సొంత పెట్టెలు. ఎవరికి దక్కింది వారు పట్టుకెళ్లి కొందరు ఇంట్లో ఉంచుకున్నారు, కొందరు లండన్ వేలంపాటల్లో, వ్యాపారుల దగ్గర అమ్ముకున్నారు. ఒక్కొక్కటి ఐదు దంతాలతో కూర్చి, రాగి బిళ్లలతో మచ్చలు పొదిగిన రెండు దంతపు చిరుతపులులను రాసన్ విక్టోరియా రాణికి కానుకగా పంపాడు. ఇడియా దంతపు ముఖం అప్పటి కాన్సల్ జనరల్ రాల్ఫ్ మూర్ చేతికి చేరి, ఆయన మరణానంతరం మానవశాస్త్రవేత్త చార్లెస్ సెలిగ్‌మన్ ద్వారా 1910లో మ్యూజియానికి వచ్చింది. కాగితం మీద అది కొనుగోలే. కొన్నవాడు డబ్బిచ్చాడు కాబట్టి మొదట తీసుకున్న తీరు కడిగేసినట్టు కాదన్నది నా అభిప్రాయం.

దాడి చేసింది బ్రిటన్ అయితే జర్మనీలో అన్ని ఎందుకున్నాయి?

బెర్లిన్ మ్యూజియంలో పనిచేసిన ఫెలిక్స్ ఫాన్ లుషాన్ వీటి విలువను వెంటనే గుర్తించి, 1897 నుంచే లండన్ వేలంపాటల్లోను, వ్యాపారుల దగ్గర కూడా కొనిపించాడు. హాంబర్గ్ వర్తకులకు పశ్చిమాఫ్రికా తీరంలో సొంత కార్యాలయాలు ఉండటంతో అటు నుంచి కూడా వస్తువులు చేరాయి. బ్రిటిష్ మ్యూజియం దగ్గర అప్పుడు కొనుగోలుకు తగిన నిధులు లేవు.

ఆఫ్రికన్లే వీటిని చేశారని అప్పటి ఐరోపావారు నమ్మారా?

మొదట్లో చాలామంది నమ్మలేదు. ఈజిప్టు ప్రభావమని, పోర్చుగీసులు నేర్పిన విద్య అని రకరకాల ఊహలు చేశారు. ఇవి ఐరోపా పోత పనిలో అత్యుత్తమమైనదానితో సమానమని, ఇటలీ శిల్పి చెల్లీని కూడా ఇంతకంటే బాగా చేయలేడని లుషాన్ రాశాడు. అది ప్రశంసే, అంత ప్రశంసించినవాడు వాటిని బెర్లిన్‌కు కొనుక్కోవడంలో ఏ సంకోచమూ చూపలేదు.

ఇప్పుడు మొత్తం ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయి?

2022 నవంబరులో మొదలైన ‘డిజిటల్ బెనిన్’ అన్న ఉచిత వెబ్‌సైటు 20 దేశాల్లోని 131 సంస్థలలో ఉన్న 5,246 వస్తువులను నమోదు చేసింది. అన్నిటికన్నా పెద్ద సంపద బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, తొమ్మిది వందలకు పైగా. వ్యక్తుల చేతుల్లో ఉన్నవి ఆ లెక్కలోకి రావు.

మ్యూజియంలో కనిపించే ప్రతి బెనిన్ వస్తువూ దోచిందేనా?

ప్రతిదీ కాదు. 1897కు ముందే వర్తకంలోనో, కానుకగానో బయటికి వచ్చినవి కొన్ని, 20వ శతాబ్దంలో ఇగున్ వీధిలో అమ్మకానికి చేసినవి మరికొన్ని ఉన్నాయి. రాజాస్థానానికి చెందిన పలకలు, పితృవేదికల తలలు మాత్రం ఎక్కువగా దండయాత్ర ద్వారా వచ్చినవే. ఒక వస్తువు గురించి తేల్చుకోవాలంటే పేరు కింద రాసిన కాలం కన్నా అది ఎవరి నుంచి, ఏ ఏడాది వచ్చిందో చెప్పే వరుసను చూడాలి. 1897 తరువాతి కొద్ది ఏళ్లలో ఒక సైనికాధికారి లేదా లండన్ వ్యాపారి పేరు కనిపిస్తే సంగతి దాదాపు తేలినట్టే.

## తిరిగి ఇవ్వడం

వీటిని తిరిగి అడగడం ఈమధ్య మొదలైన ధోరణి కదా?

కాదు. ఒవోన్రమ్వెన్ మనవడు ఓబా రెండవ అకెన్జువా 1930లలోనే అడిగాడు. 1938లో పగడాల కిరీటాలు, పగడాల వస్త్రం ఆయనకు తిరిగి వచ్చాయి కూడా. 1977లో లాగోస్‌లో జరిగిన ఫెస్టాక్ అనే ఆఫ్రికా కళల ఉత్సవానికి ఇడియా ముఖాన్ని చిహ్నంగా ఎంచుకున్న నైజీరియా, దాన్ని అప్పుగానైనా ఇవ్వమని బ్రిటిష్ మ్యూజియాన్ని కోరింది. ప్రయాణానికి తట్టుకోలేనంత సున్నితమని మ్యూజియం ఇవ్వలేదు. ఎడో శిల్పులు చెక్కిన ప్రతిరూపంతోనే ఉత్సవం జరిగింది.

బ్రిటిష్ మ్యూజియం ఎందుకు ఇవ్వడం లేదు?

1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం నకళ్లు, పనికిరానంత పాడైనవి వంటి కొద్ది మినహాయింపులు తప్ప ధర్మకర్తలు సేకరణలోని వస్తువులను వదులుకోకూడదు. ఆ మాట నిజమే గాని, పూర్తి కథ కాదు. 1950 నుంచి కొన్ని బెనిన్ పలకలను ‘నకళ్లు’ అని మ్యూజియమే అమ్మింది, వాటిలో కొన్ని నైజీరియాకు వెళ్లాయి. రెండు పలకల మీద ఒకే రకమైన భటుడు కనిపించినంత మాత్రాన, మైనపు పోతలో ఒక అచ్చుకు ఒకే వస్తువు వచ్చే చోట, వాటిని నకళ్లనడం ఎంత బలహీనమైన వాదమో వేరే చెప్పనక్కరలేదు. చట్టాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు ఉంది. ఇప్పటివరకు ఏ ప్రభుత్వమూ అందుకు ముందుకు రాలేదు.

ఇప్పటివరకు ఎవరెవరు ఇచ్చారు?

2021 అక్టోబరులో కేంబ్రిడ్జిలోని జీసస్ కాలేజీ ఒక ఇత్తడి కోడిపుంజును, మరునాడే అబర్డీన్ విశ్వవిద్యాలయం ఒక ఓబా తలను తిరిగి ఇచ్చాయి. 2022లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ 29 వస్తువులను, లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం 72 వస్తువుల హక్కును అప్పగించాయి. అదే ఏడాది జర్మనీ తన మ్యూజియంలలోని బెనిన్ వస్తువుల విషయంలో నైజీరియాతో ఒప్పందం చేసుకుని, డిసెంబరులో తొలి విడతను అబుజాలో అందజేసింది. 2025లో నెదర్లాండ్స్ 119 వస్తువులను ఇచ్చింది.

హక్కు ఇచ్చేశారంటూనే బెర్లిన్‌లో ఇంకా ప్రదర్శిస్తున్నారు. ఇది మోసం కాదా?

కాదు. హక్కు ఎవరిది, వస్తువు ఎక్కడుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. బెర్లిన్ సేకరణ నుంచి 2022లో 512 వస్తువుల హక్కు నైజీరియాకు మారింది. వాటిలో సుమారు మూడో వంతును పదేళ్ల పాటు అప్పుగా బెర్లిన్‌లోనే ఉంచడానికి నైజీరియా ఒప్పుకుంది. ఇంతకుముందు నైజీరియా తన వస్తువును అప్పుగా అడగవలసి వచ్చేది, ఇప్పుడు జర్మనీ అడుగుతోంది. ఈ తేడా చిన్నది కాదు.

ఘానాకు బంగారం ఇచ్చారన్నారు, అది కూడా ఇలాంటిదేనా?

తీరు వేరు. 1874లో గార్నెట్ వుల్‌స్లీ నడిపిన సైన్యం కుమాసీలోని అసాంటే రాజప్రాసాదాన్ని దోచుకుంది. ఆ బంగారాన్ని లండన్‌లో గరార్డ్ నగల సంస్థ ద్వారా అమ్మారు. 2024లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం కలిసి 32 వస్తువులను కుమాసీలోని మన్‌హియా ప్యాలెస్ మ్యూజియానికి మూడేళ్ల అప్పుగా పంపాయి. హక్కు మారలేదు. అదే ఏడాది లాస్ ఏంజెలిస్‌లోని ఫౌలర్ మ్యూజియం మాత్రం తన దగ్గర ఉన్న ఏడు అసాంటే వస్తువులను శాశ్వతంగా ఇచ్చేసింది.

నైజీరియాలో ఇవి ఎవరి సొత్తు? ప్రభుత్వానివా, ఓబావా?

ఈ ప్రశ్న మీద అక్కడ చాలా పెనుగులాట జరిగింది. ఐరోపా సంస్థలు ఒప్పందాలు చేసుకున్నది జాతీయ మ్యూజియంల సంస్థతో. 2023 మార్చిలో అధ్యక్షుడు బుహారీ, తిరిగి వచ్చిన వస్తువులు ఓబాకే చెందుతాయని ప్రకటించాడు. దానితో కొన్ని విదేశీ సంస్థలు వెనకడుగు వేశాయి. 2025లో ఓబా తరఫున జాతీయ సంస్థే వాటి సంరక్షణ చూసేలా ఒప్పందం కుదిరింది. బెనిన్ నగరంలో వేరుగా కట్టిన పశ్చిమాఫ్రికా కళల మ్యూజియం 2025 నవంబరులో తెరవబోతుండగా నిరసనకారులు లోపలికి చొరబడటంతో ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఇంటి తగాదా ఉంది కాబట్టి వస్తువు మా దగ్గరే ఉంచుకుంటామనడం మాత్రం, పట్టుకెళ్లినవాడి నోట న్యాయంగా వినిపించదు.

అక్కడ భద్రంగా ఉంటాయా?

నైజీరియా మ్యూజియంలలో గతంలో దొంగతనాలు జరిగాయి. 1973లో దేశాధినేత గోవన్ లాగోస్ మ్యూజియం నుంచి ఒక తల శిల్పాన్ని తీయించి ఎలిజబెత్ రాణికి కానుకగా ఇచ్చాడు; అది నకలని చాలాకాలం అనుకున్నారు, అసలుదని తరువాత తేలింది. మరోవైపు బ్రిటిష్ మ్యూజియంలో సుమారు 2,000 వస్తువులు పోయాయో, పాడయ్యాయో 2023లో బయటపడి, సంచాలకుడు పదవి వదులుకోవలసి వచ్చింది. భద్రత గురించి అడగవలసిందే, కాని ఇద్దరినీ అడగాలి.

బానిసలను అమ్మిన రాజ్యానికి వీటిని తిరిగి ఇవ్వడం న్యాయమా?

అమెరికాలోని రెస్టిట్యూషన్ స్టడీ గ్రూప్ లేవనెత్తిన వాదం ఇదే: మనీలాలు బానిసలకు చెల్లించిన ధర కాబట్టి, ఆ బానిసల వారసులకు కూడా ఈ లోహంలో వాటా ఉండాలని వారంటారు. స్మిత్‌సోనియన్ బదిలీని ఆపమని 2022లో కోర్టుకు కూడా వెళ్లారు గాని బదిలీ ఆగలేదు. వాదంలో నిజముంది, బెనిన్ మనుషులను అమ్మింది. అయితే ఆ మనుషులను కొన్న దేశాల దగ్గరే వస్తువులు ఉండిపోవడానికి ఆ నిజం ఎలా ఆధారమవుతుందో నాకు బోధపడదు.

మన అమరావతి శిల్పాలకూ ఇదే వర్తిస్తుందా?

కొంతవరకు. అమరావతి స్తూపపు శిల్పాలను వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు పంపాడు. వాటిలో పెద్ద భాగం 1859లో లండన్‌కు ఓడెక్కి, 1880లో బ్రిటిష్ మ్యూజియంలో చేరింది. 1963 చట్టం వాటిని కూడా కట్టిపడేస్తుంది. యుద్ధంలో దోచినవి కావు, వలస పాలకుల తవ్వకాల్లో తరలిపోయినవి కాబట్టి వాదించే తీరు వేరుగా ఉంటుంది.

ఇగున్ వీధిలో ఇప్పటికీ పోత పోస్తారా? అక్కడ కొన్నది ఇంటికి తెచ్చుకోవచ్చా?

పోస్తారు. వీధి పొడవునా దుకాణాలు, వాటి వెనుక కొలిములు ఉన్నాయి; పాత ఇత్తడి కుళాయిలు, యంత్ర భాగాలు కరిగించి కొత్త తలలు, పలకలు చేస్తారు. కొన్నది దేశం దాటించాలంటే అది పురావస్తువు కాదని జాతీయ మ్యూజియంల సంస్థ ఇచ్చే అనుమతి పత్రం తీసుకోవాలి. పాతదిగా కనిపించేలా రంగు పట్టించిన వస్తువులకు విమానాశ్రయంలో ఈ పత్రం తప్పకుండా అడుగుతారు కాబట్టి, కొన్న రసీదుతో పాటు దాన్ని కూడా చేతి సంచిలోనే ఉంచుకోవడం మంచిది.